గుట్ట కింద కట్టిన నీటి తొట్టి

అడవి ఎక్కడుంది అనేవాళ్లకు

అనంతపురం జిల్లాకు కొత్తగా వచ్చే రేంజర్లు మొదట అడిగే మాట ఒకటే: "ఇక్కడ అడవి ఎక్కడుంది సార్?" వాళ్లు చదువుకున్న అడవిలో టేకు ఉంటుంది, వాగు ఉంటుంది, నీడ ఉంటుంది. ఇక్కడ ఉండేది రాయి. రాతి సందుల్లో బలుసు, రేగు, సీతాఫలం పొదలు. వాటి మధ్య చెదల పుట్టలు. ఎండాకాలంలో కదిరి బస్సు కిటికీలోంచి చూస్తే ఆ గుట్టల మీద ఏ ప్రాణీ బతకదనిపిస్తుంది. ఆ గుండ్ల మధ్యే ఎలుగుబంట్లు పిల్లల్ని పెంచుకుంటాయి. కింద చెనక్కాయ చేలల్లో, అంటే వేరుశనగ చేలల్లో, జింకలు తిరుగుతాయి. వాటి వెనక తోడేళ్లు వస్తాయి. ఇది అడవి అని నమ్మలేనివాళ్లు ఈ ఉద్యోగంలో చేరకపోవడమే మంచిది. చేరితే ఇక్కడ యూకలిప్టస్ నాటి, పచ్చగా చేశామని ఫొటో తీయించుకుని బదిలీ మీద పోతారు. అలాంటివాళ్లను చాలామందిని చూశాను.

నేను ఈ జిల్లాలోనే పుట్టాను. మా పెద్దలకు ఇక్కడ ఊళ్లుండేవి, చిన్న కోట ఉండేది, వేట బంగళా ఉండేది. నా దాకా వచ్చింది ఇంటిపేరు. నాయన చివరి చేను కూడా అమ్మేశాక నేను సర్కారు కొలువుకు అర్జీ పెట్టుకున్నాను. మా వంశంలో నెల జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. మా తాత తుపాకీ భుజాన వేసుకుని తిరిగిన గుట్టల్లోనే నేను ఖాకీ బట్టలతో తిరిగాను. ఊళ్లలో ముసలివాళ్లు దాచకుండానే నవ్వేవాళ్లు. "వేటగాళ్ల ఇంటోడు కాపలాకొచ్చినాడు సూడప్పా" అని నాకు వినపడేట్టు అనేవాళ్లు. నేను ఆగి, వాళ్లు అనాల్సింది పూర్తిగా అననిచ్చి, ఆ తర్వాత ముందుకు నడిచేవాణ్ని. తల వంచుకుని పోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

నాకు వచ్చిన ప్రమోషన్లు, నా మీద వచ్చిన మెమోలు ఇక్కడ రాయను. అవి అందరికీ ఒకే రకంగా వస్తాయి. ఒక గుట్ట గురించి, ఆ గుట్ట మీది ఒక ఆడ ఎలుగు గురించి మాత్రం రాస్తాను. ఎన్నో ఏళ్లు గడిచినా, అప్పుడు కలిగిన దిగ్భ్రమ నన్ను పూర్తిగా వదల్లేదు.

కొబ్బరి చిప్ప

రెండు వేల సంవత్సరం దాటాక వానలు వరుసగా ఎగ్గొట్టిన కాలం అది. కదిరికి కొంచెం ఎగువన ఒక గుట్ట. గుట్ట మీద చిన్న ఆంజనేయస్వామి గుడి. మెట్ల కింద నుంచి బండి బాటలో పోతే ఒక పల్లె. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు ఇంకా అక్కడే బతుకుతున్నారు. గుట్ట వెనక వైపున ఉన్న గుహల్లో ఎలుగులు ఉన్నాయని అందరికీ ముందునుంచీ తెలుసు. అవి చీకటి పడ్డాక దిగి చెదలు తవ్వుకునేవి, వెలుతురు రాకముందే ఎక్కిపోయేవి. మనిషి వాసన తగిలితే దారి మార్చుకునేవి.

ఆ గుట్టకు కాపలా ఉండే గార్డు మహబూబ్ బాషా ఒక శనివారం నా దగ్గరికి వచ్చి, "సార్, మీరొక తూరి గుడికాడికి రావల్ల. నోటితో చెప్తే మీరు నమ్మరు" అన్నాడు.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఎక్కాను. మెట్ల కింద ఆటోలు నిలబడి ఉన్నాయి. పైన ఆడవాళ్లు, మగవాళ్లు, చంకలో పిల్లలు. గుడి అరుగు మీద పూజారి హనుమన్న కొబ్బరి చిప్ప చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో గుండ్ల సందులోంచి ఒక ఎలుగు బయటికి వచ్చింది. దాని వీపు మీద వెంట్రుకలు పట్టుకుని పిల్ల కూర్చుని ఉంది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఎలుగు ఆ దారిలో తిన్నగా నడిచి వచ్చి, హనుమన్న చేతిలోని చిప్పను పళ్లతో అందుకుని, అరుగు పక్కనే కూర్చుని నమిలింది. ఒకామె హారతి తిప్పింది. ఇంకొకామె తన చంటిపిల్లను దాని వైపు చాపింది, ఆశీర్వదించమని.

చిరుతను దగ్గర నుంచి చూశాను, పాము కాటు వేస్తుంటే చూశాను. అంత భయం ఎప్పుడూ కలగలేదు.

జనం దిగిపోయాక హనుమన్నను అడిగాను, ఇది ఎప్పటినుంచి అని.

"దీపంలో నూనె తెల్లారేసరికి మాయమైతాండె సామీ. దొంగలేమో అనుకుంటి. ఒకనాడు కాసుకోని సూస్తే ఇది! ప్రమిద నాకుతాంది. జాంబవంతుడే సామి సేవకొచ్చినాడని నేను దండం పెడితి. దండం పెట్టినాక, ఆమైన కొబ్బరి పెడితి, పానకం పెడితి. ఇప్పుడు పిలిస్తే వస్తాది."

"అది అడవి జంతువు హనుమన్నా. పిలిస్తే రాకూడదు."

"మీ తాత ఈ గుట్టలోనే ఎలుగును కాల్చినాడంట గదా దొరా. మేము కాల్చల్యా. కొబ్బరి పెడ్తాండాం. దీంట్లో తప్పేముంది?"

బాషా నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. ఎలుగుకు చూపు తక్కువ. తింటున్నప్పుడు, తాగుతున్నప్పుడు చెవులు కూడా పనిచేయవు. ముక్కు ఒక్కటే దాని ఆధారం. మనిషి వాసన రాగానే తప్పుకునే ఎలుగు వల్ల మనిషికి పెద్దగా ప్రమాదం లేదు. మనిషి వాసనకు కొబ్బరి వాసన కలిపి అలవాటు చేశారంటే, అది తప్పుకోవడం మరిచిపోతుంది. తిన్నగా మన పక్కకే వస్తుంది. వచ్చాక హఠాత్తుగా మనిషి కదిలితే బెదురుతుంది. బెదిరిన ఎలుగు లేచి నిలబడి ముఖం మీద కొడుతుంది. దానికి కోపం ఉండదు, పగ ఉండదు. దాని తీరు అంతే. జనం దాన్ని చంపాలనుకుని పెట్టలేదు, మొక్కి పెట్టారు. నా సర్వీసులో ఉచ్చుల వల్ల, నాటు బాంబుల వల్ల చచ్చిన జంతువులను చూశాను. భక్తి వల్ల ఒక జంతువుకు ఇంత చేటు జరగడం అదే మొదలు.

తినబెట్టడం ఆపమని బోర్డు పెట్టించాను. మరుసటి శనివారానికి ఆ బోర్డుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కింద టెంకాయలు కొట్టారు.

ఎవరు చూస్తారు?

అప్పటి మా పై అధికారి నీళ్లున్న జిల్లా నుంచి వచ్చినవాడు. చెడ్డవాడు కాడు. కాగితం మీద గీసిన పని నేల మీద కనపడాలనుకునే మనిషి. కనపడటం అంటే ఆయన లెక్కలో పై నుంచి వచ్చే పెద్దలకు కనపడటం. కరువులో జంతువులకు నీటి తొట్లు కట్టించమని ఉత్తర్వు వచ్చినప్పుడు ఆయన మా గుట్టకు వచ్చాడు.

గుట్ట వెనక, గుహల కింద ఒక దొన ఉంది. వాన పడితే నీళ్లు నిలిచే రాతి గుంట. ఎండిపోయి ఏళ్లయింది. తొట్టి అక్కడే కట్టాలని నేను చెప్పాను. ఎలుగు మెట్ల వైపు రావాల్సిన పని ఉండదన్నాను.

"ఏమయ్యా, అంత లోపల కడితే ఎవరు చూస్తారు?" అన్నాడాయన.

"ఎలుగు చూస్తుంది సార్."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మీ ఇంటి పొగరు ఇంకా దిగలేదయ్యా నీకు. ట్యాంకరు అక్కడికి ఎలా పోతుంది? మెట్ల కింద కట్టించు. రోడ్డుకు దగ్గర. ఎవరైనా వస్తే కారు దిగకుండా చూడొచ్చు."

మెట్ల కింద కట్టారు. పెద్ద సిమెంటు తొట్టి, నడుము ఎత్తు గోడ, గోడ మీద జింక బొమ్మ. రోజు విడిచి రోజు ట్యాంకరు వచ్చి నింపేది. డ్రైవరు రమణ. ట్యాంకరు పల్లె నడిమధ్య నుంచే రావాలి. వేరే బాట లేదు. పల్లెలో బోరు అప్పటికే గాలి కక్కుతోంది.

తొట్టి దగ్గర

ఒకనాడు పొద్దున్నే బాషా సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "ఎలుగు ఆడమనిషిని కొట్టింది సార్. తొట్టికాడ."

గుడికి పోయే వేళ కాదు. కొబ్బరి పెట్టే వేళ కాదు. ఆ సమయానికి ఆడమనిషికి తొట్టి దగ్గర ఏం పని అని ఆలోచిస్తూనే జీపు ఎక్కాను.

నేను చేరేసరికి ఆమెను ఆటోలో కదిరి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆమె పేరు నారాయణమ్మ, పల్లెలో శివన్న అనే రైతు భార్య. తొట్టి గోడ పక్కన సొట్టపడిన బిందె, పగిలిన గాజులు. గోడ మీది జింక బొమ్మ మీద రక్తం ధారగా కారి ఆరుతోంది. తొట్టిలో నీళ్లు ఆ వైపంతా ఎర్రగా ఉన్నాయి.

ఈ వైపు ఇద్దరు ఆడవాళ్లు వంగి చెంబులతో నీళ్లు ముంచి బిందెల్లో పోసుకుంటున్నారు.

నేను చూస్తున్నది ఏమిటో నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఏం చేస్తాండారమ్మా?" అన్నాను.

వాళ్లలో ఒకామె తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. "ఈ పక్క తేటగానే ఉండాయి సార్. తాగనీకి కాదులే, పాలిచ్చే ఎనుములకు."

అప్పుడు బాషా వైపు తిరిగాను. వాడు నేల చూస్తున్నాడు.

"నీకు తెలుసా?"

"తెల్సు సార్. బోరు పోయినప్పటి నుంచి తెల్లారక ముందే వచ్చి ముంచుకపోతాండారు. మీకు చెప్తే ఆపమంటారు. ఆపితే యాడికి పోతారు సార్ ఈళ్లు?"

బాషా మంచివాడు. నా దగ్గర పనిచేసిన గార్డుల్లో వాడికంటే నమ్మకమైనవాడు లేడు. అయినా ఆ మాట దాచినందుకు వాడి మీద నాకున్న కోపం నేటికీ పోలేదు, వాడికీ ఆ సంగతి తెలుసు. జాలితో దాచారా, భయంతో దాచారా అన్నది గాయపడిన మనిషికి అక్కర్లేదు. మీ కింద పనిచేసేవాళ్లు మీకు చెడ్డ వార్త చెప్పగలిగేలా ఉండండి. వాళ్లు చెప్పకపోతే మీరు కుర్చీలో కూర్చున్న గుడ్డివాళ్లు.

జరిగింది ఇది. ఇంకా తెల్లారలేదు, తొట్టిలో నీళ్లు తగ్గి ఉన్నాయి. నారాయణమ్మ బిందె ముంచడానికి తల, భుజాలు లోపలికి పెట్టి వంగింది. ఆ పక్క నుంచి ఎలుగు పిల్లతో వచ్చి తాగుతోంది. ఆమెకు ఎలుగు కనపడలేదు, ఎలుగుకు ఆమె కనపడలేదు. ఆమె నిండిన బిందె ఎత్తుతూ ఒక్కసారిగా లేచింది. మిగిలింది ఎలుగు తీరు.

కదిరి ఆసుపత్రి

నారాయణమ్మ ముఖంలో ఒక కన్ను, ముక్కులో కొంత భాగం పోయాయి. అనంతపురానికి పంపడానికి బండి కోసం చూస్తున్నారు. కట్టు కట్టని కన్ను ఒకటి తెరుచుకుని ఉంది. స్పృహలోనే ఉంది. నేను మంచం పక్కన నిలబడ్డాను. సర్కారు నుంచి నీకు సాయం వస్తుందమ్మా అన్నాను.

ఆమె నా బట్టలు చూసింది. "నువ్వేనా రేంజరు?"

"నేనే."

మాట్లాడొద్దని నర్సు కసిరింది. ఆమె ఆగలేదు. పెదవులు కదలక మాటలు ముక్కలుగా వచ్చాయి. "ఎలుగుకు ట్యాంకరు తోలితిరి. మా వాకిట్ల మీదే పోతాది. వచ్చినప్పుడల్లా సూస్తాంటిమి. ఒక్కనాడన్నా ఆపల్యా."

నేను ఈ జిల్లాలో పుట్టినవాణ్ని. నీళ్ల బండి ఎండిన ఊరి మధ్య నుంచి ఆగకుండా పోతే ఎలా ఉంటుందో నాకు చెప్పడానికి ఒక మనిషి ముఖం పోగొట్టుకోవాల్సి వచ్చింది.

తిరిగి వస్తుంటే దారిలో రమణ ట్యాంకరు కనపడింది. తొట్టి నింపడానికి పోతున్నాడు. ఆపించాను.

"ఇయ్యాల తొట్టికి వద్దు. పల్లెలోకి పో. పాల కేంద్రం ముందర ఆపి హారను కొట్టు. అందరూ వచ్చేదాకా ఆపొద్దు."

రమణ తల గోక్కున్నాడు. "పెద్ద సారు తొట్టికే పొయ్యమన్నాడు సార్. ఊరికి పోస్తే నన్ను తీసేస్తాడు."

"నిన్ను తీసేస్తే నన్ను తీసేసినట్టే. పో."

గుహ ముందర

గుట్ట కింద జీపు దిగేసరికి వెనక వైపు అరుపులు వినపడి అటు నడిచాను. బాషా ఒక గుండు ఎక్కి చేతులు ఊపుతున్నాడు. ఎలుగు, పిల్ల గుహలో ఉన్నాయి. ఊరి మగవాళ్లంతా గుహ ముందర ఉన్నారు. గడ్డపారలు, కొడవళ్లు, కట్టెలు. గుహ నోటికి అడ్డంగా ఎండిన చెనక్కాయ కట్టె కుప్ప పోశారు. ఎండు మిరపకాయలు ఒక గంపెడు. అవి కలిపి అంటిస్తే ఆ పొగకు లోపల ఏదీ బతకదు. బయటికి వస్తే గడ్డపారలున్నాయి.

ముందు నిలబడినవాడు శివన్న, నారాయణమ్మ భర్త. అది నాకు ఆశ్చర్యం కాలేదు. అతని పక్కన నిలబడిన మనిషిని చూసి మాత్రం నా నడక ఆగిపోయింది. పూజారి హనుమన్న. చేతిలో గుడి దీపాల నూనె డబ్బా. మూత తీసి ఉంది.

"నువ్వేందప్పా ఈడ?" అన్నాను.

"సామి అయితే మనిషిని కొరుకుతాదా దొరా?" అన్నాడు హనుమన్న. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినట్టున్నాడు. "ఇది సామి కాదు. మృగం."

"మొన్నటిదాకా ఏమైంది?"

"మొన్నటిదాకా మాకు తెలీదు."

నేను వాళ్లను తోసుకుంటూ పోయి చెనక్కాయ కట్టె మీదే నిలబడ్డాను. బాషా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను పొద్దున వాడికిచ్చిపోయిన చేతి వైర్‌లెస్ సెట్టు పట్టుకొచ్చాడు. అది గుర్రుమంటోంది. పై అధికారి గొంతు. నేను పరిస్థితి చెప్పాను. పోలీసును పంపమన్నాను, మత్తు సూది వేసే బృందాన్ని పిలిపించమన్నాను.

"వాళ్లు రావడానికి రేపవుతుంది. నువ్వు అక్కణ్నుంచి వచ్చెయ్" అన్నాడాయన. "జనం చంపితే జనం చంపినట్టు. అడ్డం నిలబడి ఎవరికైనా దెబ్బ తగిలితే మనకు చుట్టుకుంటుంది. అర్థమైందా?"

గుహ ముందర ఉన్న అందరికీ ఆ మాట వినపడింది. ఒకడు విజిల్ వేశాడు. నేను సెట్టు ఆపేశాను. అడవిని కాపాడే శాఖలో అంత పెద్ద కుర్చీ నుంచి ఆ మాట నేరుగా వినడం నా చెంప మీద కొట్టినట్టయింది. ఆయన ఇప్పుడు లేడు. ఉన్నా ఈ వాక్యం ఇలాగే రాసేవాణ్ని.

"ఇన్నావు గదా సార్. మీ సారే పొమ్మన్నాడు. పక్కకు పో" అన్నాడు శివన్న.

"పోను."

"మీ తాతయితే ఈపాటికి కాల్చి పడేసుండేటోడు."

"మా తాత ఈడ లేడు శివన్నా. నేనుండా."

"నా పెండ్లాం మొగం సూసినావా నువ్వు?"

"సూసినా. ఆడ నుంచే వస్తాండా."

అతను గడ్డపార ఎత్తాడు. నా మీదికా, నేల మీదికా, ఇప్పటికీ తెలియదు. హనుమన్న నూనె వంచాడు. నా బూట్ల మీద పడింది. ఎవరో అగ్గిపెట్టె తీశారు. లోపల పిల్ల అరుపు వినపడింది, సన్నగా, మనిషి పిల్ల ఏడ్చినట్టు.

అప్పుడు పల్లె వైపు నుంచి హారను మోగింది. ఆగకుండా మోగింది. కింద బాట మీద ఎవరో ఆడమనిషి గొంతు చించుకుని అరిచింది. "ట్యాంకరొచ్చినాది! ఊర్లోకే వచ్చినాది! రాండి!"

తర్వాత జరిగింది నేను ఎంతమందికి చెప్పినా నమ్మరు. వెనక వరసలో వాళ్లు మొదట తిరిగారు. తర్వాత మధ్యలో వాళ్లు. గడ్డపారలు గుండ్ల మీద పడ్డ చప్పుడు. కాళ్లు తగిలి గంప దొర్లి మిరపకాయలు చెల్లాచెదరయ్యాయి. అగ్గిపెట్టె తీసినవాడు దాన్ని జేబులో పెట్టుకుంటూనే పరుగెత్తాడు. హనుమన్న నూనె డబ్బా అక్కడే వదిలి పంచె ఎగ్గట్టాడు. చంపడానికి వచ్చిన ఊరు ఊరంతా నీళ్ల కోసం గుట్ట దిగి పరుగెత్తింది.

జనాన్ని చెదరగొట్టాలని నేను ట్యాంకరు పంపలేదు. ఆ ఆలోచనే నాకు రాలేదు.

శివన్న ఒక్కడే మిగిలాడు. ఊరి వైపు చూశాడు, గుహ వైపు చూశాడు. పగ తీర్చుకోవాల్సింది అతనే, భార్య ఆసుపత్రిలో ఉంది కాబట్టి ఇంటికి నీళ్లు పట్టాల్సిందీ అతనే.

"మాయమ్మ ఒక్కతే మోయలేదు" అన్నాడు చివరికి. గడ్డపార నేల మీద పెట్టాడు. "నీళ్లు పట్టుకోని వస్తా. నువ్వు ఈడే ఉండు."

అతను పోయాక మేమిద్దరం కట్టె కుప్ప పక్కకు లాగి, దూరంగా ఒక గుండు వెనక్కి పోయాం. చాలాసేపటికి ఎలుగు బయటికి వచ్చింది. పిల్ల వీపు మీదే ఉంది. ఎటూ చూడకుండా గుట్ట చుట్టూ తిరిగి తొట్టి దగ్గరికే పోయింది. ఎర్రబడ్డ నీళ్లు కూడా ఆడవాళ్లు అప్పటికే ఊడ్చుకుపోయారు. అది గోడ ఎక్కి లోపలికి దిగింది. సిమెంటు మీద నాలుక గీకే చప్పుడు మా దాకా వినపడింది.

ఆ రోజు దాని నీళ్లు నేనే ఊరికిచ్చాను. దానికి నీళ్లు దొరకకపోతే వాసన పట్టుకుని పల్లెలోకి పోతుంది. పోతే ఇంకో హారను దాన్ని కాపాడదు.

వరస

జీపులో రేడియేటరు కోసం ఉంచే పెద్ద డబ్బా తీసుకుని పల్లెలోకి పోయాను. పాల కేంద్రం ముందు ట్యాంకరు, దాని చుట్టూ బిందెలు, కేకలు. నేను నేరుగా పైపు దగ్గరికి నడిచాను.

"ఓ దొరా! యాడికి? ఎనక్కి రా! మేమంతా తిరనాలకొచ్చి నిలబడినామా?" అని ఒకామె అరిచింది.

"ఖాకీ ఏసుకున్నోళ్లకు ఏరే వరస ఉంటాదేమోలే అక్కా" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు.

వరస అన్నది నాకు నిజంగానే తట్టలేదు. మా ఇంట్లో నీళ్లు మోసే మనుషులుండేవాళ్లు. వాళ్లు పోయాక అమ్మ మోసింది. మగవాళ్లం ఎప్పుడూ మోయలేదు. నూనె మరకల బూట్లతో, డబ్బా పట్టుకుని, చివరికి పోయి నిలబడ్డాను. నా వంతు దగ్గరపడేసరికి ట్యాంకరులో నీళ్లు అడుగంటుతున్నాయి. పైపు పట్టుకుని నిలబడింది సుంకులమ్మ, శివన్న తల్లి.

"ఎవురికప్పా?" అంది.

అబద్ధం చెప్పవచ్చు. జీపుకు అంటే సరిపోయేది. "ఎలుగుకు" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. నిండిన బిందె భుజాన పెట్టుకుంటున్న శివన్న అలాగే నిలబడిపోయాడు.

"నా కోడలి మొగం పీకిన దానికి నేను నీళ్లు పొయ్యల్లనా?"

"ఎనక దొనలో పోస్తా. ఆడ దొరికితే ఈ పక్క రాదు. దొరక్కపోతే ఊర్లోకే వస్తాది. మళ్లా ఎవురో ఒకరు."

ఆమె నన్ను చూసింది. తర్వాత నా డబ్బా చూసింది. పైపు అందులో పెట్టింది. నిండాక అంది: "ఒక్క డబ్బా. రెండోది అడిగినావంటే ఈ బిందెతోనే కొడ్తా."

దొన దాకా మోసేసరికి నా వీపు విరిగింది. శివన్న గుహ దగ్గరికి మళ్లీ వచ్చాడు. తన గడ్డపార వెతుక్కుని, నా వైపు చూడకుండా తీసుకుని దిగిపోయాడు.

ట్యాంకరును ఎవర్నడిగి మళ్లించావని పై అధికారి నిలదీశాడు. ఎవర్నీ అడగలేదన్నాను. నోటికొచ్చింది తిట్టాడు కానీ, మళ్లీ తొట్టికి పోయించే ధైర్యం ఆయనకూ లేకపోయింది. తొట్టిని పగలగొట్టించాను. హనుమన్న కొబ్బరి పెట్టడం మానేశాడు. శనివారం ఆటోలు కొన్నాళ్లు వచ్చి, ఎలుగు లేదని తెలిసి, వేరే మహిమ ఉన్న చోటికి పోయాయి. ఎలుగు ఒకటి రెండుసార్లు గుడి దాకా వచ్చి ఖాళీ ప్రమిద నాకి వెనక్కి పోయింది. తర్వాత రాలేదు. దొన పక్కన తడి మట్టిలో దాని అడుగులు, వాటి పక్కన చిన్న అడుగులు కనపడేవి.

ఆ ఎండాకాలమంతా ట్యాంకరు వచ్చినప్పుడల్లా నేనో బాషానో వరసలో నిలబడ్డాం. జనం అలవాటు పడ్డారు. "ఎలుగోళ్లు వచ్చినారు" అనేవాళ్లు.

ఒకనాడు నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. నా ముందున్న ఆడవాళ్లు మాటలు ఆపేశారు. తిరిగి చూశాను. నారాయణమ్మ. కొంగు ముఖం సగం మీదికి లాక్కుని ఉంది. గాలికి అది తొలగితే సరిచేసుకోలేదు. నేను చూపు తిప్పుకోలేకపోయాను, చూడనూలేకపోయాను.

ఆమె ఒంటి కంటితో నా చేతిలో డబ్బా చూసింది. అందులో పట్టే నీళ్లు ఎవరికో ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"ముందు నాది" అంది. "ఆమైన దానిది."

నేను వరసలోంచి పక్కకు జరిగాను. ఆమె ముందుకు పోయింది. నేను ఆమె వెనక నిలబడ్డాను.